తుంగభద్ర దాటే బంతి

బొంబాయి జింఖానా మైదానంలో కొఠారి కనకయ్య నాయుడు చెలరేగిపోయి నూరేళ్లు కావస్తోంది. ఆయన మీద ఏదైనా రాయండి, శుక్రవారానికల్లా కావాలి, కాస్త సీమ వాసన కూడా ఉంటే మంచిది అన్నారు సంపాదకులు. నాయుడుగారి పూర్వీకులది బందరు, పుట్టింది నాగపూర్‌లో, పేరు మోసింది ఇండోర్‌లో. ఇందులో సీమ ఎక్కడుందయ్యా అంటే, కర్నూల్లో ఉంది.

పాత కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి రాసిచ్చాడు. మన్రో దొర ఏడేళ్లు ఇక్కడ పన్నులూ పొలాలూ లెక్కగట్టాడు. 1846లో మద్రాసులో దొరలు క్రికెట్ క్లబ్బు పెట్టుకున్నారు. అందులో మనవాళ్లకు చోటు లేదని 1888లో బుచ్చిబాబు నాయుడు అనే తెలుగాయన మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. ఈ రెంటికీ నడుమ కడప, కర్నూలు జనం చూసింది 1876 నాటి ధాత కరువు. అక్కణ్నుంచి ఒక్క దూకున 1953కి వచ్చేద్దాం. నిజానికి నాకు రావాలని ఉన్నది అక్కడికే.

1953 అక్టోబరు 1. పొట్టి శ్రీరాములు ప్రాణం పోసిన ఆంధ్ర రాష్ట్రాన్ని నెహ్రూ వచ్చి కర్నూల్లో ప్రారంభించాడు. శ్రీబాగ్ ఒడంబడిక మాట నిలబెట్టుకుని రాజధానిని సీమకిచ్చారు గానీ, ఉన్నపళాన సచివాలయానికి ఇళ్లెక్కడివి? గుడారాలు వేశారు. మద్రాసులో ఫ్యాన్ల కింద పనిచేసిన గుమాస్తాలు కర్నూలు దుమ్ములో, డేరాల కింద ఫైళ్లు విప్పారు. పదకొండు జిల్లాల కొత్త సంసారం అలా మొదలైంది.

కొత్త రాష్ట్రానికి కొత్త జట్టు కూడా వచ్చింది. 1953-54 సీజన్‌లో ఆంధ్ర మొదటిసారి రంజీ ట్రోఫీ బరిలోకి దిగింది. సారథి ఎవరనుకున్నారు? సాక్షాత్తూ సీకే నాయుడు! 1932లో లార్డ్స్‌లో భారత జట్టును మొట్టమొదటి టెస్టుకు నడిపించినవాడు. అంతకుముందు సీజన్‌లోనే హోల్కర్ జట్టుకు రంజీ గెలిచిపెట్టినవాడు. అలాంటి మనిషి పొత్తిళ్లలో ఉన్న జట్టును భుజానికెత్తుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 58. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుకు 81. కుర్రాళ్ల మీద ఆంధ్రులకు అప్పట్లో అంత నమ్మకం ఉన్నట్టు లేదు!

ఆ నాయుడు ఎలాంటివాడో తెలియాలంటే 1926కి వెళ్లాలి. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎంసీసీ జట్టు మన దేశానికి వచ్చింది. హిందూ జట్టు తరఫున దిగిన నాయుడు రెండు గంటలు కూడా నిండకుండానే 153 పరుగులు బాదాడు. అందులో సిక్సర్లు 11. దొరల బౌలింగ్‌కు ఒదిగి ఆడాలి తప్ప ఎదురుతిరగకూడదని అనుకునే కాలమది. ముచ్చటపడిన ఎంసీసీవాళ్లే ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. 1932 పర్యటనలో ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన ఒక సిక్సర్ పక్కనున్న రియా నది దాటిందంటారు. అప్పట్లో ఆ నదే రెండు కౌంటీలకు సరిహద్దు.

నా మనసు ఇక్కడ ఆగనంటుంది. 1953లో తుంగభద్ర కూడా సరిహద్దే. ఇవతల ఆంధ్ర రాజధాని, అవతలి గట్టు హైదరాబాద్ రాష్ట్రం. ఆ గుడారాల పక్కన నాయుడు చేతికి బ్యాటు ఇచ్చి ఉంటే, బంతి కోసం పొరుగు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. మూడేళ్లకే ఆ గట్టూ ఈ గట్టూ ఒకటయ్యాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఆ సీజన్లో 61 ఏళ్ల నాయుడు ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడుతున్నాడు.

ఆయన 1967లో ఇండోర్‌లో పోయాడు. పేరు మాత్రం కుర్రాళ్ల టోర్నీకి నిలిచింది. కడపలో 2011లో వచ్చిన వైఎస్ రాజారెడ్డి స్టేడియంలో, 2024 ఫిబ్రవరిలో, ఆ సీకే నాయుడు ట్రోఫీ మ్యాచ్‌లోనే ఆంధ్ర ఓపెనర్ వంశీకృష్ణ రైల్వేస్ స్పిన్నర్ దమన్‌దీప్ సింగ్ ఓవర్లో ఆరు బంతులకూ ఆరు సిక్సర్లు కొట్టాడు. 64 బంతుల్లో 110. సీమ గడ్డ మీద నాయుడి బాకీ తీరిందని నేను మురిసిపోతుండగానే రైల్వేస్ తొమ్మిది వికెట్లకు 865 చేసి కూర్చుంది. మ్యాచ్ డ్రా.

ఇక్కడి నుంచి కథ నా చేతికి చిక్కదు. అదే నెలలో పెద్ద జట్టు రంజీ క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడింది. ఎక్కడనుకున్నారు, ఇండోర్‌లో, నాయుడి ఊళ్లో! అంతకుముందు ఏడాది అదే మైదానంలో హనుమ విహారి మణికట్టు విరిగినా ఎడమచేతి వాటంగా తిరిగి, ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఆ పోరూ ఓటమితోనే ముగిసింది. ఈలోపు ఆంధ్ర ప్రీమియర్ లీగ్ వచ్చింది. వేలం పాటలు, రంగుల జెర్సీలు, ఏడాదికో పేరు. 2023లో రాయలసీమ కింగ్స్ కప్పు కొట్టింది. 2025లో కప్పు తుంగభద్ర వారియర్స్‌ది. ఆ గెలుపు విశాఖలో, సముద్రం పక్కన. కర్నూలు జనం టీవీలో చూశారు.