ఉగ్గాని బజ్జీ: దత్తమండలాల పొద్దుటి పలహారం

ఉగ్గాని బొరుగులతో చేసే రాయలసీమ పలహారం. బొరుగులను కాసేపు నీళ్లలో వేసి, గట్టిగా పిండి తీసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు వేసిన తిరగమాతలో కలుపుతారు. పైన పుట్నాల పొడి, నిమ్మరసం. పక్కన మిరపకాయ బజ్జీ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పొద్దుటి టిఫిన్లలో దోసెతో పోటీపడేది ఇదే.

ఈ ఊళ్లున్న కడప జిల్లాలో ఎక్కువ నేల మెట్ట. ఒకప్పుడు పల్లెల్లో రోజూ తినే తిండి జొన్న, కొర్ర, రాగి. వరి చెరువుల కింద, ఏటి ఒడ్డున మాత్రమే పండేది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వించిన కర్నూలు-కడప కాలువను 1882లో ప్రభుత్వం కొన్నది. ఆ నీళ్లు పారిన ప్రొద్దుటూరు వైపు వరి పెరిగింది. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మెట్ట సేద్యమే ప్రధానంగా సాగింది. ఉప్పుడు బియ్యాన్ని కాగిన ఇసుకలో వేయిస్తే పొంగి బొరుగులవుతాయి. కొద్ది బియ్యానికే గంపెడు అవుతాయి, తేలిగ్గా ఉంటాయి, మళ్లీ ఉడికించే పనిలేదు. అందుకే సంతల్లో, తిరునాళ్లలో బాగా అమ్ముడుపోతాయి. మిరప, వేరుశనగ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చిన పంటలు. మిరపను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చారు. కాబట్టి శనగనూనె తిరగమాత, మిరపకాయ బజ్జీలతో కూడిన నేటి ఉగ్గాని అంతకుముందుది కాదు.

ఉగ్గాని తినే సీమకూ నేటి రాష్ట్ర సరిహద్దుకూ పొంతన లేదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలిన దత్తమండలాల్లో కడపతో పాటు బళ్లారి కూడా ఉంది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అక్కడ ఇదే పలహారం మండక్కి ఒగ్గరణె పేరుతో, మిరపకాయ బజ్జీతోనే సాగుతోంది.

ఉగ్గాని తినేవారి పట్టింపులు చిన్నవే అయినా గట్టివి. కొందరికి బొరుగులు మెత్తగా ఉండాలి, కొందరికి పొడిపొడిగా. పుట్నాల పొడి ఎక్కువ పడితేనే రుచి అనేవారున్నారు, నిమ్మకాయ లేకపోతే ముట్టనివారూ ఉన్నారు. బజ్జీని తుంచి ఉగ్గానిలో కలుపుకోవాలా, విడిగా కొరుక్కోవాలా అన్నది మరో వాదం. కడప పేరుతో ప్రసిద్ధికెక్కిన ఎర్రకారం దోసెకు వేరే అభిమానులున్నారు: ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి నూరిన కారం పూసి, దానిమీద పుట్నాల పొడి చల్లుతారు. హైదరాబాద్, బెంగళూరులలో రాయలసీమ రుచుల హోటళ్లు ఉగ్గానినీ ఈ దోసెనూ రాగి సంగటి పక్కనే అమ్ముతున్నాయి.