విట్టవన్ విళుక్కాడు: తిరుమల ఆర్జిత సేవల పుట్టుపూర్వోత్తరాలు

తిరుమల శ్రీవేంకటేశ్వరుని ఆలయంలో భక్తుడు నిర్ణీత రుసుము చెల్లించి, తన గోత్రనామాలతో జరిపించుకొనే సేవను ఆర్జిత సేవ అంటారు. 'ఆర్జితం' అంటే సంపాదించుకున్నది. అయితే ఈ సంపాదనకు సొమ్ము ఒక్కటే చాలదు. సేవకు కేటాయించిన కొద్దిపాటి స్థానాల్లో ఒకటి దక్కాలి, పేరు ముందుగా నమోదు కావాలి, వస్త్రధారణ మొదలైన నియమాలు పాటించాలి. చెల్లింపు, అర్హత, పరిమితమైన ప్రవేశం అనే మూడింటి కూడికగా ఉన్న ఈ పద్ధతి ఇటీవలి రద్దీలోంచి పుట్టినట్టు కనిపించినా, దీని వేళ్లు ఆలయ ప్రాకారాల మీది శాసనాల్లో వెయ్యేళ్ల వెనక్కి సాగుతాయి. వెయ్యికి పైగా ఉన్న ఆ శాసనాలను, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పరిశోధకుల శ్రమ ఫలితంగా, దేవస్థానం 1930ల నుంచి సంపుటాలుగా ప్రకటించింది. వాటిలో అత్యధికం తమిళంలో ఉన్నందువల్ల ఈ చరిత్రలోని పారిభాషిక పదాలు కూడా చాలావరకు తమిళపదాలే.

దాతల చరిత్రలో తొలి ప్రముఖ నామం పల్లవ రాణి సామవైది. ఆమె వెండితో చేయించి సమర్పించిన మూర్తినే భోగ శ్రీనివాసుడని పిలుస్తారు. ఈనాటికీ రాత్రి ఏకాంత సేవ ఆ మూర్తికే జరుగుతుంది. ఆమె కాలాన్ని దేవస్థానం సంప్రదాయం 614 అని చెబుతుండగా, పలువురు చరిత్రకారులు 966 అని లెక్క కట్టారు. కాలం ఏదైనా ఆ దానపు స్వరూపంలో గమనించవలసిన అంశం ఒకటుంది: రాణి మూర్తిని ఇచ్చి ఊరుకోలేదు, ఆ మూర్తికి నైవేద్యమూ దీపమూ ఉత్సవమూ ఎన్నటికీ ఆగకుండా సాగడానికి భూమిని కూడా ఇచ్చింది. ఒకనాటి కానుక నిత్య కైంకర్యంగా మారాలంటే దాని వెనుక తరగని ఆదాయ వనరు ఉండాలన్న ఎరుక ఆ శాసనంలోనే ఉంది.

ఈ ఎరుక పూర్తి వ్యవస్థగా ఎదిగింది విజయనగర కాలంలో, ప్రత్యేకించి చంద్రగిరి కేంద్రంగా సాళువ నరసింహుడు బలపడిన 15వ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచి. సేవను ఏర్పాటు చేయదలచిన దాత గ్రామాన్నో, పణాలనే చిన్న బంగారు నాణేలనో శ్రీభండారానికి, అంటే ఆలయ ఖజానాకు, సమర్పించేవాడు. మూలధనం తరగకుండా దాని మీది రాబడితో మాత్రమే కైంకర్యం జరిపే ఇటువంటి నిధిని 'పొలియూట్టు' అనేవారు. రాబడి కోసం ఆలయం ఆ సొమ్మును తన గ్రామాల్లో చెరువులు తవ్వించడానికి, కాలువలు తీయించడానికి వెచ్చించేది. వాన తక్కువైన ఈ సీమలో నీరందిన పొలం దిగుబడి పెరిగేది, ఆ పెరిగిన దిగుబడిలోంచి స్వామికి తళిగ, అంటే నైవేద్యం, సిద్ధమయ్యేది. అంటే ఒక భక్తుని మొక్కు ముందుగా ఒక ఊరి చెరువై, పైరై, ఆ తరువాతే ప్రసాదమయ్యేది.

ఈ ఒప్పందానికి రెండో పక్షం స్థానత్తార్లు. తిరుపతి శ్రీవైష్ణవులు, తిరుచానూరు సభవారు, అర్చకులైన నంబిమార్లు, జీయర్లు, ఆలయ లెక్కలు రాసేవారు మొదలైన వర్గాల ప్రతినిధులతో కూడిన ఈ నిర్వాహక మండలి, దాత ఎంత ఇచ్చాడు, బదులుగా ఏ రోజున ఏ నైవేద్యం ఏ కొలతతో జరగాలి, ప్రసాదం ఎవరెవరికి ఎంత చెందాలి అనే వివరాలను రాతి మీద చెక్కించి, ఆచంద్రార్కం అమలు చేస్తామని మాట ఇచ్చేది. ఆ ప్రసాదంలో సాధారణంగా నాలుగో వంతు దాతకు దక్కేది. దానికే 'విట్టవన్ విళుక్కాడు' అని పేరు. విట్టవన్ అంటే దానమిచ్చినవాడు, విళుక్కాడు అంటే వాటా. రాజులు, సేనానులు, ఆచార్యులు, వర్తకులు, ఆలయ నర్తకీమణులు, తాళ్ళపాక కవుల వంశీకులు ఈ వాటాదారుల వరుసలో ఉన్నారు. కులవృత్తులు వేరైనా వీరందరికీ కావలసిన అర్హత ఒక్కటే: శాశ్వత కైంకర్యాన్ని మోయగలిగినంత నిధి సమర్పించడం.

వాటా చేతికి వచ్చిన తరువాత దాత దానిని ఏం చేశాడన్నది ఈ చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం. సాళువ నరసింహుడు యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలను కొండ మీదా కింద తిరుపతిలోనూ నెలకొల్పి, నిర్వహణను కందాడై రామానుజయ్యంగారికి అప్పగించి, తన కైంకర్యాలలో దాతకు రావలసిన భాగాన్ని వాటికి మళ్ళించాడు. సొమ్ము చెల్లించినవాని హక్కు ఈ విధంగా ఏమీ చెల్లించలేని బాటసారి విస్తరిలోకి చేరింది.

1565 నాటి యుద్ధంతో విజయనగరం కుంగిపోయాక పెద్ద దానాల ప్రవాహం సన్నగిల్లింది. ఆర్కాటు నవాబుల ఏలుబడిలో, 1801 తరువాత ఈస్టిండియా కంపెనీ పాలనలో, ఆలయం ప్రధానంగా రాబడి లెక్కగా మారింది. చిత్తూరు కలెక్టరు స్ట్రాటన్ 1803లో ఆలయ వ్యవహారాలపై నివేదిక రాశాడు. వాడుకలోని ఆచారాలను క్రోడీకరిస్తూ 1821లో నలభై రెండు నిబంధనల బ్రూస్ కోడ్ వచ్చింది. దేవాలయాల నిర్వహణ నుంచి తప్పుకోవాలని కంపెనీ నిర్ణయించడంతో 1843లో ఆలయం హాథీరాంజీ మఠపు మహంతు సేవాదాసు చేతికి వచ్చి, 1933లో ధర్మకర్తల మండలితో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడేవరకు మహంతుల అధీనంలో ఉంది. గ్రామాన్ని దానమిచ్చే శాశ్వత దాతకు బదులుగా ఒక్క పూట సేవకు రుసుము కట్టే యాత్రికుడు ప్రధానుడైన కాలం ఇదే.

1944లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పనలో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది అందుబాటులోకి రావడంతో కొండకు వచ్చేవారి సంఖ్య అంతులేకుండా పెరిగింది. సన్నిధి కొలత మాత్రం మారలేదు, రోజులోని గంటలూ పెరగలేదు. అందువల్ల ఎంపిక అనివార్యమైంది. ఈనాడు సుప్రభాతం (120 రూపాయలు), తోమాల, అర్చన (ఒక్కొక్కటి 220 రూపాయలు) వంటి సేవలకు భక్తులు కొన్ని నెలల ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే, ఎలక్ట్రానిక్ డిప్ అనే యాంత్రిక లాటరీ ద్వారా పేర్లు ఎంపికవుతాయి; ఎంపికైనవారే గడువులోగా రుసుము కట్టాలి. ధరను ఆకాశానికి ఎత్తకుండా అదృష్టానికి చోటిచ్చిన ఈ ఏర్పాటు, కూలివానికీ కోటీశ్వరునికీ ఒకే చీటీ ఇస్తుంది కనుక, ఎంపిక పద్ధతుల్లో మెచ్చదగినది.

మరో కొసన పెద్ద విరాళాల మార్గం ఉంది. సుప్రభాతం మొదలు సాయంకాలం దాకా ఒకరోజు సేవలన్నింటిలో పాల్గొనే ఉదయాస్తమాన సేవకు 2022లో నిర్ణయించిన విరాళం కోటి రూపాయలు. అభిషేకం జరిగే శుక్రవారానికి కోటిన్నర. ఆ సొమ్మును తిరుపతిలో చిన్నపిల్లల ఆసుపత్రి నిర్మాణానికి ఉద్దేశించారు. అలాగే 1985లో మొదలైన నిత్యాన్నదాన పథకంలో దాతల విరాళాలను బ్యాంకుల్లో ఉంచి, వాటి వడ్డీతో అన్నప్రసాదం పెట్టే పద్ధతి నెలకొంది. మూలధనాన్ని ముట్టకుండా రాబడితో పెట్టే ఈ అన్నం, పేరు మారిన పొలియూట్టే.

సన్నిధికి సొమ్ముతో దగ్గరయ్యే హక్కు న్యాయమేనా అన్న ప్రశ్న తిరుమలలో ఎన్నటికీ పాతబడదు, పాతబడకూడదు కూడా. ఆ ప్రశ్నకు శాసనాలు ఒక కొలబద్ద ఇస్తున్నాయి. ప్రసాదంలో మూడు వంతులు ఇతరులకు పోగా మిగిలిన నాలుగో వంతు దాతది. ఆ నాలుగో వంతును సైతం యాత్రికులకు వదిలినవాని పేరు అయిదు శతాబ్దాలు దాటినా రాతి మీద చెరగలేదు. నేటి రుసుము ఏ ఊరి చెరువవుతున్నది, ఏ పిల్లవాని వైద్యమవుతున్నది, ఎవరి విస్తరిలో అన్నమవుతున్నది అని అడిగి, తృప్తికరమైన జవాబు రాబట్టుకోవడమే ఆర్జిత సేవను ఆర్జించుకొనే సరైన దారి.