ప్రివెంట్‌లోనే వద్దనడం ఉంది

మంట దగ్గరికి జరుగు అబ్బీ, చలి ముదురుతా ఉంది. పరీక్షలో ప్రివెంట్ కాడ తడబడితినంటివి కదా, ఆ సంగతి చెప్తా విను.

మా కాలంలో పాములపాడు పిల్లోళ్లకు ఆరో తరగతికొస్తే గానీ ఏబీసీడీలు లేవు. పదికొచ్చేసరికి వాక్యాలు రాయమనేవాళ్లు. “వాన మమ్మల్ని బడికి పోకుండా ఆపింది” అనిస్తే, క్లాసులో సగం మంది “ద రెయిన్ ప్రివెంటెడ్ అజ్ నాట్ టు గో టు స్కూల్” అని రాసేవాళ్లు. తెలివి లేక కాదు. మన మాటలో కాదనే పనంతా ‘పోకుండా’ మోస్తాది. ఇంగ్లీషులో ఆ పని ప్రివెంటే చేసేస్తాది. ఇంక నాట్‌కు అక్కడ చోటు లేదు. “ప్రివెంటెడ్ అజ్ ఫ్రం గోయింగ్” అంటే చాలు.

మా ఇంగ్లీషు అయ్యవారు దీన్ని కేసీ కాలువ కట్ట మీద చెప్పినాడు. పుస్తకంలో సూత్రం చదివితే మాకు ఎక్కలేదు మరి. “లష్కరు కట్టెంబడి తిరుగుతా ఊట కనిపెడతాడు. ఊరోళ్లను కేకేసి ఇసుక మూటలు ఏయిస్తాడు. గండి పడదు. ఇదిరా ప్రివెంట్. గండి పడి, చేలు మునిగినాక పూడ్చేది ఎంత కష్టమైన పనైనా ప్రివెంట్ గాదు” అన్నాడు. ఆ మాటతో మాకు కాలం తెలిసొచ్చింది. పని మొదలుగాకముందే అడ్డం పోవాల.

వాక్యం రెండు రకాలుగా కట్టించినాడు. “ద లష్కర్ ప్రివెంటెడ్ ఎ బ్రీచ్” అంటే ఫ్రం అక్కర్లేదు, అడ్డుకున్నది గండిని గనక. “ప్రివెంటెడ్ ద వాటర్ ఫ్రం ఎంటరింగ్ ద ఫీల్డ్స్” అంటే, ఆగింది నీళ్లు, ఆగిన పని చేలో పడడం. అప్పుడు ఫ్రం, దానెనక ఇంగ్ వస్తాయి.

ప్రివెంట్ అనే మాట పుట్టుక లాటిన్లో, ముందుగా రావడమని అర్థం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో భక్తుడు తెల్లారకముందే లేచి మొరపెట్టుకున్నాడని చెప్పే చోట కూడా ఇదే మాట వాడినారు. అడ్డుకోవడమనే అర్థం దానికి తర్వాత గట్టిపడింది.

ఇప్పుడు మన మండలంలోనే బానకచెర్ల గేట్లున్నాయి. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే కృష్ణ నీళ్లు అక్కడ వెలుగోడుకు, ఎస్సార్బీసీకి, కేసీ కాలువకు చీలిపోతాయి. రేపు వాటి మీద ప్రివెంట్‌తో నాలుగు వాక్యాలు రాసుకొని రా నాయనా. ఒక్క నాట్ కూడా కనపడగూడదు.