పువ్వు రసంతో గీసి, ఏటిలో జాడించి

షోగన్ల ఏలుబడిలో జపాన్ వర్తకులు డబ్బులో దొరలను మించిపోయారు. అది దొరలకు కంటగింపైంది. పట్టణ జనం జరీ, ఖరీదైన కుట్టుపని ఉన్న పట్టుబట్టలు కట్టరాదని 1683లో హుకుం జారీ చేశారు. ఇక సోకంతా రంగుల్లోనే చూపించుకోవాలి. యూజెన్ అద్దకానికి గిరాకీ పుట్టింది అప్పుడే.

మియాజాకి యూజెన్ క్యోటోలో విసనకర్రల మీద బొమ్మలు వేసేవాడు. బియ్యప్పిండి జిగురుతో రంగును ఆపే పద్ధతి ఆయనకు ముందే ఉంది. పేరు మాత్రం ఆయనకు దక్కింది! 1712లో ఆయన కనజావా చేరాడని చెబుతారు. పూర్వం కాగా సంస్థానానికి రాజధాని అయిన ఆ ఊళ్లో ఉమే అనే ఆప్రికాట్ జాతి చెట్టు చెక్కల కషాయంతో బట్టలకు రంగు వేసే అలవాటు అంతకుముందే ఉంది.

ఊరిని ఒరుసుకుంటూ సాయ్, అసానో అనే రెండు ఏళ్లు పారతాయి. కెన్రోకుఎన్ తోటలోని పిల్లకాలువ గట్ల మీద వసంతంలో చెర్రీ, ఆ తర్వాత ఊదారంగు ఐరిస్ పూస్తాయి. కాగా యూజెన్ అనే ఇక్కడి అద్దకంలో చీరల మీదికి, అదే, కిమోనోల మీదికి ఎక్కేవి ఇలాంటి పూలే. క్యోటోవాళ్లు బంగారు రేకులూ కుట్టుపనీ జోడిస్తారు. ఇక్కడ అవేమీ ఉండవు. పురుగు కొరికిన ఆకుంటే ఆ చిల్లితో సహా వేస్తారు. నాకు నచ్చేది ఆ చిల్లే.

పని తీరు చూడండి. మన చేలగట్ల మీది వెన్నదేవికూర జాతి మొక్క ఒకటుంది. దాని నీలిపూల రసంతో ముందు బొమ్మ గీస్తారు. ఆ గీతల వెంబడి గోరింటాకు కోను నొక్కినట్టు సన్నగా జిగురు పెడతారు. ఆ గట్టు దాటి రంగు పాకదు. రేకులకు రంగులు నింపుతారు, అంచున ముదురుగా, లోపలికి పోను పోను లేతగా. తర్వాత పువ్వంతా జిగురుతో కప్పేసి నేల రంగు వేస్తారు, ఆవిరి పడతారు. చివరికి బారల కొద్దీ పట్టును ఏటి పారుదలలో జాడిస్తారు. జిగురు కొట్టుకుపోతుంది, జిగురు ఉన్నచోట తెల్లటి గీత మిగులుతుంది. మొదట గీసిన పువ్వు రసం జాడ కూడా ఉండదు.

స్వర్ణముఖి నీళ్లలో కలంకారీ ఉతికిన శ్రీకాళహస్తి చేతులకు ఇదేమీ వింత కాదు. షోగన్ల కాలంలోనే కోరమండల్ తీరపు అద్దకం బట్టలు డచ్చివాళ్ల ఓడల్లో జపాన్ చేరేవి, అక్కడ వాటిని సరస అని మోజుపడి కొనేవారు.

ఇప్పుడు జాడింపు చాలావరకు కట్టడాల లోపల తవ్విన కాలువల్లోనే సాగుతోంది. అసానో ఏట్లో జాడించడం చలికాలంలో అప్పుడప్పుడూ కనిపిస్తుంది.