ఆసక్తి లేదన్న అభియోగం

కాలేజీలో చేరాక కూడా హైస్కూలు లెక్కలే మళ్లీ నేర్చుకోవాల్సిన విద్యార్థుల మీద అధ్యాపకుల గదుల్లో తరచు వినబడే తీర్పు ఒకటుంది: వీళ్లకు చదువు మీద ఆసక్తి లేదు. రోగం అదే అనుకుంటే మందు సులువే. ఒక స్ఫూర్తి ఉపన్యాసం, కొంత బుజ్జగింపు, కొంత బెదిరింపు. ఇలా మళ్లీ నేర్పే లెక్కలకు, అంటే రెమెడియల్ మ్యాథమెటిక్స్‌కు, అమెరికాలో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. సమ్మెలు, చట్టాలు, పరిశోధనలు అన్నీ అందులో నమోదై ఉన్నాయి. మొదటి నుంచీ దాన్ని చూస్తూ వస్తే ఈ తీర్పు నిలవదు. ఆసక్తి లేదని తేల్చిన చోట చాలాసార్లు కాలేజీ వేసిన దారే ఎటూ చేర్చనిదై ఉంది. ఆ దారి మార్చినప్పుడు, ఎవరూ ప్రత్యేకంగా ఉత్సాహపరచకుండానే, అలాంటి విద్యార్థులు చాలామంది గట్టెక్కారు.

ముందు తేల్చుకోవాల్సింది వెనకబడినవారు ఎవరన్నది. 1636లో పుట్టిన హార్వర్డ్‌లో 1640ల నాటికి అంకగణితం, రేఖాగణితం చివరి ఏడాది విద్యార్థులకు చెప్పే పాఠాలు. బీజగణితం వస్తేనే చేర్చుకుంటామని ఆ కాలేజీ నిబంధన పెట్టింది 1820లో. రేఖాగణితాన్ని ఆ జాబితాలో చేర్చింది 1844లో. చదువు ముగించే ముందు నేర్పిన లెక్కే రెండు శతాబ్దాలకు రానివాళ్లను గుమ్మం బయట నిలబెట్టే లెక్క అయింది. విద్యార్థులు మొద్దుబారలేదు, గీత జరిగిందంతే. కొత్తగా ఏర్పడిన రాష్ట్రాల్లో ఈ గీత ఎక్కడ గీయాలన్నదే పెద్ద చిక్కు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1849లో తరగతులు మొదలుపెట్టిందే సన్నాహక విభాగంతో. చుట్టుపక్కల హైస్కూళ్లే అంతంతమాత్రమైనప్పుడు పిల్లలు లెక్కలు ఎక్కడ నేర్చుకుని వస్తారు? రాష్ట్రంలో బడులు పెరిగాక, 1880లో, ఆ విభాగాన్ని ఎత్తేశారు. అక్కడ కరువైనది బడి.

ఇరవయ్యో శతాబ్దంలో కథ న్యూయార్క్‌కు మారుతుంది. 1847లో ఉచిత విద్యాలయంగా మొదలైన సిటీ కాలేజీ కాలక్రమంలో మంచి మార్కుల వాళ్లకే అందేదిగా తయారైంది. 1969 ఏప్రిల్‌లో నల్లజాతి, ప్యూర్టోరికో విద్యార్థులు సమ్మెకు దిగి కాలేజీని మూయించారు. ఫలితంగా 1970లో, సిటీ కాలేజీ భాగంగా ఉన్న న్యూయార్క్ సిటీ విశ్వవిద్యాలయం నగరంలో హైస్కూలు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ తలుపు తెరిచింది. ఆ ఏడాది చేరిన కొత్త విద్యార్థులు సుమారు 35 వేల మంది, అంతకు ముందు ఏడాది కంటే దాదాపు ముప్పాతిక వంతు ఎక్కువ. తలుపు తెరవడం ఒక్క ఏడాదిలో జరిగింది. లోపల వాళ్లకు ఏం, ఎలా చెప్పాలన్న ఏర్పాటు మాత్రం ఆదరాబాదరాగా సాగింది. నగరం దివాలా అంచుకు చేరిన 1976లో 129 ఏళ్ల ఉచిత చదువు ముగిసి ఫీజులు వచ్చాయి. 1999లో డిగ్రీ కాలేజీల నుంచి రెమెడియల్ క్లాసులు తొలగించాలని పాలకమండలి తీర్మానించి, వాటిని రెండేళ్ల చదువుల కమ్యూనిటీ కాలేజీలకు నెట్టింది. ఈ ముప్పయ్యేళ్ల వాదులాటలో విద్యార్థుల అర్హత గురించి జరిగినంత చర్చ ఆ క్లాసుల తీరు గురించి జరగలేదు.

సరైన ప్రశ్న వేసినవాడు దేశానికి అవతలి ఒడ్డున దొరికాడు. 1970ల మధ్యలో యూరీ ట్రైస్‌మన్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. అక్కడ కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు పెద్ద సంఖ్యలో తప్పుతుంటే, చైనా మూలాలున్న విద్యార్థులు బాగా రాణించేవారు. కారణమేమిటని అధ్యాపకులను అడిగితే వచ్చిన జవాబులు ఊహించదగ్గవే: ఆసక్తి లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. ట్రైస్‌మన్ రెండు వర్గాల నుంచీ 20 మంది చొప్పున ఎంచుకుని, వాళ్లు ఎక్కడ, ఎలా చదువుతున్నారో నెలల తరబడి వెంట ఉండి గమనించాడు. నాలుగు జవాబులూ తేలిపోయాయి. నల్లజాతి పిల్లల్లో తమ హైస్కూలులో ప్రథములుగా నిలిచినవాళ్లున్నారు, కుటుంబాలు వాళ్ల చదువు మీద ఆశలన్నీ పెట్టుకున్నాయి. చెప్పినన్ని గంటలూ వాళ్లు చదువుతూనే ఉన్నారు, ఒంటరిగా. చైనా విద్యార్థులు ముందు ఎవరికి వారు చదువుకుని, తర్వాత కలిసి కూర్చుని ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకునేవారు. ఏ లెక్క నిజంగా కష్టమైనదో, ఏది తనకొక్కడికే రానిదో వాళ్లకు తెలిసేది. ఒంటరిగా చదివేవాళ్లకు ఆ తేడా తెలిసే వీలు లేదు. కాలేజీ పెట్టిన సహాయ తరగతులకు వీళ్లు వెళ్లేవారు కారు. తరగతిలో ప్రథముడిగా వచ్చిన వాడు మందబుద్ధుల కోసమని పేరుపడ్డ గదిలోకి ఎందుకు అడుగుపెడతాడు? అందుకే 1978లో మొదలైన ట్రైస్‌మన్ కార్యశాలలను ప్రతిభావంతుల కార్యక్రమంగా ప్రకటించి, మామూలు తరగతిలో ఇచ్చేవాటికంటే కఠినమైన లెక్కలు ఇచ్చి గుంపులుగా చేయించారు. వాటిలో చేరినవాళ్లలో తప్పేవాళ్లు బాగా తగ్గారు. 1992లో ఆయనకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

వీళ్లు కాలిక్యులస్ దాకా వచ్చినవాళ్లు, భిన్నాల దగ్గరే ఆగినవాళ్ల సంగతేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కమ్యూనిటీ కాలేజీల్లో రెమెడియల్ లెక్కలు చాలాచోట్ల రెండు మూడు సెమిస్టర్ల మెట్లుగా ఉండేవి, వీటికి డిగ్రీ క్రెడిట్లు రావు. ప్రతి మెట్టు దగ్గరా నూటికి 70 మంది దాటారనుకున్నా మూడు మెట్లయ్యేసరికి మిగిలేది 34 మందే. 57 కాలేజీల రికార్డుల మీద థామస్ బెయిలీ, సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా దాదాపు ఇదే చెప్పింది: రెమెడియల్ లెక్కలకు పంపిన వాళ్లలో మూడేళ్లలో ఆ వరస పూర్తిచేసినది మూడో వంతు. ఇందులో గమనించాల్సింది, చాలామంది ఆగిపోయింది పరీక్ష తప్పి కాదు. అసలు చేరలేదు, లేదా ఒక మెట్టు గెలిచి రెండోదానికి రాలేదు. క్రెడిట్ రాని కోర్సుకు ఫీజు కట్టి ఏడాదిన్నర గడపమంటే వెనకాడే మనిషిని సోమరి అనడం సబబు కాదు. న్యూయార్క్‌లోనే 2013లో అలెగ్జాండ్రా లోగ్ బృందం ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక బీజగణితం అవసరమని తేలిన విద్యార్థులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరిని ఆ కోర్సులోనే ఉంచి, కొందరిని తోడుగా అదనపు తరగతితో నేరుగా కాలేజీ స్టాటిస్టిక్స్‌లో వేశారు. బీజగణితం పాసైనవాళ్లు 39 శాతం, స్టాటిస్టిక్స్ పాసైనవాళ్లు 56 శాతం. రెండు గుంపులకూ ఆసక్తి ఒకటే, లాటరీ తీసిందే అందుకు. కాలిఫోర్నియా 2017లో చేసిన చట్టం కమ్యూనిటీ కాలేజీలను ఈ దిశకే మళ్లించింది.

స్టాటిస్టిక్స్ సులువు, అందుకే పాసయ్యారన్నది బలమైన అభ్యంతరం. నర్సు కావాల్సిన వాళ్లకు, చరిత్ర చదివే వాళ్లకు వర్గ సమీకరణం కంటే స్టాటిస్టిక్సే పనికొస్తుంది కాబట్టి అక్కడ ఈ మాట చెల్లదు. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్ల విషయంలో చెల్లుతుంది. బీజగణితం రాకుండా కాలిక్యులస్ రాదు. మెట్లు తీసేసినంత మాత్రాన ఎత్తు తగ్గదు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం, హైస్కూలు స్థాయి లెక్కలు కూడా రాకుండా చేరుతున్న వాళ్లు ఐదేళ్లలో దాదాపు 30 రెట్లయ్యారు. మెట్లు ఎత్తేయాలన్న వాళ్లు ఈ అంకెను దాటవేయడం కుదరదు. అయితే ఆసక్తి వాదానికి ఇంతకంటే గట్టి ఖండన కూడా లేదు. ఐదేళ్లలో ఒక తరం ఉత్సాహం 30వ వంతుకు పడిపోదు. కోవిడ్ రోజుల్లో మూతపడ్డ బడులు, ప్రవేశాల్లో రద్దయిన ప్రామాణిక పరీక్షలు, ఉదారంగా పడిన హైస్కూలు మార్కులు, నివేదిక చూపిన కారణాల్లో ఇవి ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట వింతగా తోచనక్కర్లేదు. బి.ఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ ప్రకారం బైపీసీ నుంచి వచ్చినవాళ్లు రెమెడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు రెమెడియల్ బయాలజీ చదువుతారు. లాగరిథమ్‌లను మందుల లెక్కలకు, మాత్రికలను ఒంట్లో మందు కదలిక సమీకరణాలకు అన్వయించడం ఆ లెక్కల సిలబస్‌లోనే ఉంది. తరగతిలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి లోటే కాబట్టి ఎవరూ తలవంచుకోనక్కర్లేదు. ఆ లోటు ఇంటర్‌లో తీసుకున్న గ్రూపు వల్ల వచ్చిందని అందరికీ తెలుసు. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో లెక్కలు తప్పుతున్న పిల్లల గురించి కూడా కాలేజీలు ముందు ఈ ప్రశ్నే వేసుకోవాలి: ఇంతకు ముందు వీళ్లకు ఎవరు, ఏం చెప్పారు? ఉత్సాహపరిచే ఉపన్యాసకుణ్ని పిలిపించే ఖర్చుతో ఒక ట్యూటర్‌ను పెట్టుకోవచ్చు.