501101, 501141 (పిన్‌కోడ్ సంఖ్యలు)

తెలంగాణలోని వికారాబాద్, తాండూరు పట్టణాల ప్రధాన తపాలా కార్యాలయాలను సూచించే ఈ ఆరంకెల పూర్ణసంఖ్యలు 1972 ఆగస్టు 15న దేశంలో మొదలైన పిన్‌కోడ్ విధానానికి చెందినవి. వీటిలో తొలి అంకె 5 తెలుగు రాష్ట్రాలూ కర్ణాటకా ఉన్న తపాలా మండలాన్ని, మొదటి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే జిల్లాను తెలుపుతాయి. తపాలా శాఖ వీటిని కూడటానికో గుణించటానికో ఏర్పరచలేదు గానీ, అంకగణిత దృష్టితో చూస్తే ఇవి ఆసక్తికరమైన జంట.

తాండూరు సంఖ్య అంకెల మొత్తం 12 కాబట్టి అది 3తో భాగింపబడుతుందని చూడగానే తెలుస్తుంది: 501141 = 3 × 167047. వికారాబాద్ సంఖ్య అంత సులువుగా లొంగదు; 7, 11, 13, 17, 19లతో శేషం మిగిల్చి, 23 దగ్గర విడిపోతుంది: 501101 = 23 × 21787. ఈ కారణాంకాలన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే 1తోనూ తమతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివి. అందువల్ల రెండు పిన్‌కోడ్‌లూ సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాలైన అర్ధప్రధాన సంఖ్యలు. వీటి భేదం 40 అయినా, 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనందున ఇవి పరస్పర ప్రధాన సంఖ్యలు కూడా.

4తో భాగిస్తే రెండూ 1 శేషాన్నే ఇస్తాయి. అటువంటి ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చన్నది ఫెర్మా సిద్ధాంతం. ఇక్కడ మాత్రం ప్రతి ప్రధాన కారణాంకమూ 4తో భాగించినపుడు 3 శేషాన్ని మిగిల్చి, ఒక్కసారే వస్తున్నందున ఆ రూపం రెండింటికీ అసాధ్యం. వర్గాల భేదంగా రాయడానికి అడ్డు లేదు: 501101 = 10905² − 10882².