టైరు మీది అంకెలు చదవడం ఎలా?

పండక్కో పెళ్లికో కారులో బయల్దేరేటప్పుడు పెట్రోలు చూసుకుంటాం, ఏసీ చూసుకుంటాం. టైర్లకు మాత్రం బంకులో గాలి కొట్టించి ఊరుకుంటాం. హోసూరులో ఉన్నా బళ్లారిలో ఉన్నా, బరంపురం, షోలాపూర్, యానాంలలో ఉన్నా మనవాళ్లలో చాలామందికి ఇదే అలవాటు. షాపతనితో మాట్లాడేది తమిళమో కన్నడమో ఒడియానో కావచ్చు. టైరు పక్కన అచ్చు పోసిన రాత మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకుందాం. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 మిల్లీమీటర్లు కాదు, శాతం: పక్కభాగం ఎత్తు వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

అసలు చూడాల్సింది చివరి 88హెచ్. ఇందులో 88 కిలోలు కాదు, బరువుకు గుర్తు. 82 ఉంటే ఒక్కో టైరు 475 కిలోలు, 88 ఉంటే 560, 91 ఉంటే 615 కిలోలు మోస్తుంది. పక్కనున్న అక్షరం గరిష్ఠ వేగం: టీ అయితే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అయితే 210. అంత వేగంగా పొమ్మని కాదు లెండి! కొత్త టైర్లు కొనేటప్పుడు "సైజు అదే సార్" అంటే సరిపోదు. సైజు ఒకటే అయినా ఈ అంకె తక్కువ ఉండవచ్చు. ఇంటిల్లిపాదీ సామాన్లతో ఎక్కే బండికి కారు కంపెనీ చెప్పినదానికంటే తక్కువ అంకె టైరు వేయించకండి.

తర్వాత టైరు వయసు. డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఈ అంకెలు ఒక్కోసారి ఒక పక్కనే ఉంటాయి, లోపలి వైపైతే వంగి చూడాల్సిందే. కొత్తదని అమ్మే టైరు గోదాములో రెండు మూడేళ్లు పడి ఉండవచ్చు, కాబట్టి బిగించకముందే చూపించమనండి. తక్కువ తిరిగే బండి టైరు అరగదు గానీ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఐదేళ్లు దాటాక ఏటా చూపించమని, పదేళ్లు దాటితే అరగకపోయినా తీసేయమని మిషెలిన్ వంటి కంపెనీలు చెబుతాయి.

అరుగుదలకు టీడబ్ల్యూఐ గుర్తు ఉన్నచోట గాడుల్లో చిన్న రబ్బరు దిమ్మలు కనిపిస్తాయి. టైరు వాటి మట్టానికి అరిగిందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందన్నమాట. వానలో నీటిని పక్కకు తోసే శక్తి అంతకుముందే తగ్గిపోతుంది.

గాలి విషయంలో మనం తరచూ పొరబడుతుంటాం. టైరు మీద రాసిన ఒత్తిడి గరిష్ఠ హద్దు, కొట్టించాల్సిన లెక్క కాదు. కొట్టించాల్సింది డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదో కారు పుస్తకంలోనో ఉంటుంది. నిండా జనం ఎక్కితే ఎంతో కూడా అందులోనే చూడవచ్చు. ఉదయం బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎండలో తిరిగాక ఒత్తిడి పెరిగిందని గాలి తీయించకూడదు. గాలి తక్కువైతే పక్కభాగం మరీ వంగి వేడెక్కుతుంది. వేసవిలో హైవే మీద టైరు పేలడానికి ఇదొక ముఖ్య కారణం.

డిక్కీలోని స్టెప్నీని కూడా ఓసారి తీసి తేదీ చూడండి. నాలుగు టైర్లూ మార్చినా, చాలా ఇళ్లలో అది కారు కొన్ననాటిదే ఉంటుంది.